మాల తీసిన మర్నాడు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మావారికి 39 ఏళ్ళు. సెంట్రింగ్ మేస్త్రి. ఆయన కింద పదిమంది పనివాళ్ళు ఉంటారు. పన్నెండేళ్ళుగా తాగుడు. రోజుకు రెండు క్వార్టర్లు, శనివారం కూలి బట్వాడా రోజైతే లెక్కే లేదు. ఏటా అయ్యప్ప మాల వేస్తారు. ఆ 41 రోజులూ చుక్క ముట్టరు. మాల తీసిన మర్నాడే మళ్ళీ మొదలు. రెండేళ్ళ కిందట మాల వేసిన రెండో రోజు ఫిట్స్ కూడా వచ్చాయి. ఈసారి మాత్రం మా పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశారు. మాల తీశాక కూడా ముట్టలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టక వరండాలో తిరిగేవారు గానీ తాగలేదు. నేను క్యాలెండర్‌లో రోజూ టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. 160 టిక్కులు. మే నెలలో ఒకరింటికి స్లాబ్ వేసిన రోజు తాగి వచ్చారు. నేను ఆ క్యాలెండర్ చింపి ఆయన మొహాన కొట్టాను. అప్పటి నుంచి మూడు వారాలుగా రోజూ తాగుతున్నారు. ఇన్నాళ్ళూ నటించారా? నా నోటి వల్లే మళ్ళీ మొదలెట్టాడని మా అత్తగారు అంటున్నారు. తెలిసినావిడ ఒక పొడి ఇచ్చి, ఆయనకు తెలియకుండా కూరలో కలపమంది. వారంలో మానేస్తారట. కలపమంటారా?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. మిగతావి కాస్త ఆగినా ఫర్వాలేదు, అది ఆగదు. ఆ పొడి కలపకండి. ఈపాటికే ఒకటి రెండుసార్లు కలిపి ఉంటే ఆపేసి, ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి.

మన భాషలో సీసాలో ఉండేదీ మందే, డాక్టరు రాసేదీ మందే. ఈ తికమకతో నా సగం రోజు పోతుంది. అందుకని ఇక్కడ మందు అంటే తాగేది, మాత్ర అంటే నేను రాసేది అనుకోండి. ఇలాంటి పొడుల్లో ఏముందో ప్యాకెట్ మీద ఉండదు. కొన్నింటిలో ఏమీ ఉండదు, డబ్బు దండగ, అంతే. పెద్ద ప్రమాదం డైసల్ఫిరామ్ అనే మాత్రను నూరి ఇచ్చినప్పుడు. తాగిన మందును లివరు రెండు మెట్లలో విరగ్గొడుతుంది. మొదటి మెట్టులో ఎసిటాల్డిహైడ్ అనే విషం పుడుతుంది, రెండో మెట్టులో అది విరిగిపోతుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో మెట్టును మూసేస్తుంది. విషం ఒంట్లోనే పేరుకుంటుంది. మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు పట్టుకుని, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళయితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ గుణం బయటపడ్డ తీరు చూడండి. ఇది రబ్బరు పరిశ్రమలో వాడిన రసాయనాల జాతిది. వాటి మధ్య పనిచేసేవాళ్ళకు మందు పడటం లేదని 1937లో అమెరికాలో ఒక ఫ్యాక్టరీ డాక్టరు గమనించాడు. పదేళ్ళ తర్వాత డెన్మార్క్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు, కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని దీన్ని తామే మింగి చూశారు. ఆ తర్వాత మందు పుచ్చుకుంటే ఒళ్ళు తిరిగిపోయింది. 1948 నుంచి ఇది తాగుడు మాన్పించే మాత్ర అయింది.

మంచి మాత్రే. నేనూ రాస్తాను. అయితే వేసుకునే మనిషికి తెలిసి, ఆయన ఒప్పుకుని, పరీక్షలు చేయించి, రోజూ ఉదయం మీ ఎదురుగా వేసుకుంటేనే. అప్పుడు అది ఒక మేలు చేస్తుంది. సాయంత్రం నాలుగు గంటల నుంచి పది దాకా వందసార్లు ‘వద్దు’ అనుకోవాల్సినవాడు, పొద్దున్నే ఒక్కసారి అనుకుంటే సరిపోతుంది. తెలియకుండా పెడితే ఆ లాభం లేదు, ప్రమాదం మాత్రం ఉంది. పైగా ఏదో ఒక రోజు తెలుస్తుంది. అప్పటి నుంచి మీరు వడ్డించే అన్నాన్ని ఆయన అనుమానంగా చూస్తారు.

రెండో తొందర పని. ‘రేపటి నుంచి ఒక్క చుక్క తాగినా ఇంట్లోకి రావద్దు’ అని పట్టుబట్టకండి. మూడు వారాలుగా రోజూ తాగుతున్న మనిషి, అందులోనూ ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషి, ఇంట్లో కూర్చుని ఉన్నపళంగా ఆపకూడదు. ఆపిన తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మనిషి తికమకపడటం, గోడల మీద పురుగులు పాకుతున్నాయనడం, జ్వరం, ఒళ్ళంతా చెమటలు, ఇవి కనిపిస్తే అది ఎమర్జెన్సీ. మానడం, మొదలెట్టడం, మళ్ళీ మానడం ఎన్నిసార్లు జరిగితే ఈ వణుకుడు అన్నిసార్లు ముదురుతుంది. మాల వేసిన రెండో రోజో మూడో రోజో నల్లబట్టల్లోనే క్యాజువాలిటీకి వచ్చిన స్వాములను నేను చూశాను. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎలా పరుగెత్తారో మీరు టీవీలో చూసే ఉంటారు. కాబట్టి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. వారం రోజులు మాత్రలతో, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో వణుకు లేకుండా ఆపిస్తారు. దారి తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక నటించారా అన్న ప్రశ్న. లేదమ్మా. 160 రోజులు ఎవరూ నటించలేరు. 41 రోజులూ నటన కాదు. ఆ 41 రోజులు ఎలా కుదిరాయో, మర్నాడు ఎందుకు కుదరలేదో చూస్తే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

‘దేవుడి భయం’ అంటారు అందరూ. భయం ఉంటుంది, కాదనను. కానీ మాల వేసిన రోజున మీ ఇంట్లో ఏమేం మారాయో ఒకసారి గుర్తు చేసుకోండి. నాలుగింటికి లేచి చన్నీళ్ళ స్నానం. బట్టలు మారాయి. పడక మారింది, మంచం పోయి చాప వచ్చింది. భోజనం మారింది. ఆయన పేరు కూడా మారింది. రోజూ ‘మేస్త్రీ, సిట్టింగ్ ఎక్కడ’ అని అడిగేవాడే ‘స్వామీ’ అని దణ్ణం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. సాయంత్రం ఆరింటికి, అంటే రోజూ చెయ్యి సీసా వైపు వెళ్ళే వేళకు, ఆయన పీఠం దగ్గర పదిమందితో భజనలో ఉన్నారు. ఆ పదిమందిలో ఎవరూ తాగరు. తప్పు చేస్తే అడగడానికి గురుస్వామి ఉన్నాడు. ఎన్ని రోజులో లెక్క కూడా తెలుసు. ఇన్ని మారినప్పుడు ఆయన మనసు గట్టిగా ఉండాల్సిన అవసరమే పెద్దగా రాలేదు. చుట్టూ ఉన్న ఏర్పాటే ఆయన్ను మోసింది. మాల తీసిన రోజు ఆ ఏర్పాటంతా ఒక్క పూటలో ఊడిపోతుంది. అదే బండి, అదే దారి, అదే ఫోను, అదే మేస్త్రీ.

అమెరికా సైనికుల కథ ఒకటి మా చదువులో తప్పకుండా వస్తుంది. వియత్నాం యుద్ధంలో ఉన్న మామూలు సైనికుల్లో ఐదుగురిలో ఒకరు అక్కడ హెరాయిన్‌కు బానిసయ్యారు. 1971లో తిరిగొచ్చిన వాళ్ళను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెతికి పట్టుకుని, ఒక్కొక్కరినీ అడిగి లెక్క తీసింది. దేశమంతా ఇక లక్షల మంది హెరాయిన్ రోగులతో నిండిపోతుందని భయపడుతున్న రోజులవి. తీరా చూస్తే, అక్కడ బానిసలైన వాళ్ళలో ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్ళీ ఆ గోతిలో పడింది నూటికి 5 మందే. ఎందుకంటే మత్తు అలవాటైన చోటు అక్కడే ఉండిపోయింది. వీళ్ళు ఇంటికొచ్చేశారు. మీవారి కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన అలవాటు పడ్డ చోటు ఇంటి దగ్గరే ఉంది. శబరిమల వెళ్ళి, దాని మధ్యలోకే తిరిగొస్తారు.

డీ-అడిక్షన్ సెంటర్ పేరుతో నెలో రెండు నెలలో తాళం వేసి ఉంచి పంపేవాటి సంగతీ ఇంతే. లోపల మానడం కష్టం కాదు, అక్కడ తాగడానికి లేదు గనుక. కొన్ని చోట్ల కొడతారు కూడా. అలాంటి చోట చేర్చకండి, ఎవరెంత చెప్పినా సరే.

ఇప్పుడు స్లాబ్ రోజు దగ్గరికి వద్దాం. మీరు దాన్ని ఒక్క ముక్కలో దాటేశారు, నాకు మాత్రం మీ ఉత్తరంలో ముఖ్యమైన రోజు అదే. తెల్లవారకముందే కాంక్రీటు కలిపే మిల్లరు స్టార్ట్ చేస్తారు. మొదలెట్టాక సాయంత్రం దాకా ఆపడానికి ఉండదు, ఆపితే ముందు పోసినదానికీ తర్వాత పోసినదానికీ మధ్య జాయింటు పడుతుంది. పైన అంతమంది కాంక్రీటు పోస్తుంటే సెంట్రింగ్ మేస్త్రి కింద తిరుగుతూ ఏ బాదు కుంగుతోందో, ఏ పలక జారుతోందో చూసుకుంటూ ఉండాలి. ఏదైనా జరిగితే పేరు ఆయనదే. ఆ టెన్షన్‌లో టీలు తప్ప అన్నం దిగదు. సాయంత్రం ఆఖరి తట్ట పడగానే ఒక్కసారిగా ఒళ్ళు తేలికవుతుంది. జేబులోకి డబ్బు వస్తుంది. ఇంటాయన బిర్యానీ పొట్లాలతో పాటు ఒక మందు సీసాల కేసు దింపిస్తాడు. ఆనవాయితీ. పదిహేనేళ్ళ కిందట మా ఇంటి స్లాబ్ రోజున మా నాన్నగారు కూడా తెప్పించారు. నేను అప్పటికే ఈ వైద్యం చదువుకున్నవాడిని, పక్కనే నిలబడి ఏమీ అనలేదు. ఆ రోజు తాగిన పనివాళ్ళలో మీవారి లాంటివాళ్ళు ఎందరో నాకు తెలియదు.

ఆకలి, అలసట, చేతిలో డబ్బు, మనసులో సంతోషం, పక్కన పదిమంది, చల్లటి సీసా. ఇన్ని ఒక్క చోట కలిసిన సాయంత్రం ఏడాదిలో ఆయనకు మహా అయితే పదిసార్లు వస్తుంది. ఇంట్లోవాళ్ళు గొడవల మీదే కన్నేసి ఉంచుతారు, గొడవ పడితే తాగుతాడని. నిజమే. అలాన్ మార్లాట్ అనే అమెరికా సైకాలజిస్టు, మళ్ళీ మొదలెట్టినవాళ్ళను ‘ఆ మొదటి గుక్కకు ముందు ఏం జరిగింది’ అని అడిగి పోగుచేశాడు. మనసు బాగోలేకపోవడం, ఎవరితోనో గొడవ, పక్కవాళ్ళ బలవంతం, ఈ మూడే నూటికి 70కి పైగా ఉన్నాయి. మిగిలిన వాటిలో సంతోషమూ ఉంది, ‘ఒక్కసారి తాగి చూద్దాం, ఇప్పుడు నా చేతిలోనే ఉందిగా’ అన్న ధీమా కూడా ఉంది. ఆ రోజు మీవారికి బలవంతం, సంతోషం రెండూ జతకలిశాయి. మిమ్మల్ని చూసి కాదు ఆయన తాగింది.

మీరు ఆయన్ను అడిగితే బహుశా ‘అంత రుచిగా కూడా అనిపించలేదు’ అంటారు. నమ్మండి. ఇష్టం వేరు, యావ వేరు. మిచిగన్ యూనివర్సిటీలో రాబిన్సన్, బెరిడ్జ్ అనే ఇద్దరు 1993 నుంచీ చెబుతున్నది ఇదే. మెదడులో ఈ రెంటికీ దారులు వేరు. తాగుతున్న కొద్దీ ఇష్టం అరిగిపోతుంది, యావ మాత్రం పదునెక్కుతుంది. ఆ యావను లేపడానికి మందే అక్కర్లేదు, దానికి ముందు వచ్చేవి చాలు. గ్లాసుల చప్పుడు, వేయించిన పల్లీల వాసన, శనివారం సాయంత్రం ఎండ. ఏళ్ళు గడిచినా అవి మెదడులో చెరగవు, సద్దుమణిగి ఉంటాయి. అందుకే 160 రోజులు బాగున్నవాడు ‘నాకేం కాదు’ అనుకున్న క్షణంలోనే జారతాడు.

అయినా ఇది సాయంత్రం ఆరింటికి మొదలైంది కాదు. మీ ఉత్తరంలో ఒక మాట ఉంది చూడండి, ‘రాత్రిళ్ళు నిద్ర పట్టక వరండాలో తిరిగేవారు’ అని. నేను మీవారి డాక్టరునై ఉంటే ఆ మాట దగ్గర ఆగిపోయేవాణ్ణి. పన్నెండేళ్ళు మందు మీద నిద్రపోయిన మెదడు, మందు తీసేస్తే నిద్రపోవడం ఎలాగో మళ్ళీ నేర్చుకోవాలి. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మనిషి పైకి బాగానే ఉంటాడు, పనికి వెళ్తాడు, టిక్కులు పడుతూనే ఉంటాయి. లోపల మాత్రం రోజురోజుకూ అరిగిపోతుంటాడు. చిన్న మాటకు చిరాకు. భోజనం వేళకు లేకపోవడం. సాయంత్రం భజనకు వెళ్ళడం మానడం. వైన్ షాపు పడకుండా చుట్టూ తిరిగి వచ్చేవాడు ‘పెట్రోలు దండగ’ అని పాత దారికి రావడం. కొన్నాళ్ళు మాట్లాడని స్నేహితుడి ఫోను ఎత్తడం. వీటిలో ఒక్కటీ తప్పు కాదు. అడిగితే ప్రతిదానికీ ఆయన దగ్గర మంచి కారణమే ఉంటుంది. కానీ నా దగ్గరికి వచ్చినవాళ్ళను ఆ రోజు నుంచి వెనక్కి ఒక్కో రోజూ చెప్పుకుంటూ పొమ్మంటే, నోట్లో చుక్క పడటానికి మూడు నాలుగు వారాల ముందే ఇవన్నీ కనబడతాయి. ఆ నిద్రకు సరైన వైద్యం జరిగి ఉంటే స్లాబ్ రోజు ఇలా అయ్యేది కాదని నేను హామీ ఇవ్వలేను. వాటం మాత్రం ఆయన వైపు ఉండేది. అలాగని మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనకండి. తాగుడు పోయి ఆ మాత్రలు పట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి తరచూ వస్తారు. డాక్టరుకు చెప్పండి, అలవాటు కానివి ఉన్నాయి.

ఒక్క సాయంత్రం తాగినవాడు మూడు వారాలు ఎందుకు ఆపలేదు? ఇది మొదటి ప్రశ్న కాదు, వేరే ప్రశ్న. దీనికి జవాబు మన పెద్దవాళ్ళు ఎప్పుడో చెప్పారు, నిండా మునిగినవాడికి చలేమిటి అని. మార్లాట్ రాసిందీ ఇదే. ‘ఒక్క చుక్క ముట్టను’ అని ఒట్టేసుకున్నవాడికి ఒక చుక్కా ఒకటే, ఒక సీసా ఒకటే. పైగా ఒట్టు పాప తల మీద. అది తెగిన క్షణం నుంచి ఆయన కళ్ళలో ఆయన తాగుబోతు కాదు, బిడ్డకు కీడు తెచ్చిన తండ్రి. ఆ సిగ్గును భరించడానికి ఆయనకు చేతనైన పద్ధతి ఒక్కటే, తాగడం. నా మాటగా ఇది గట్టిగా చెప్తున్నాను, ఇకమీదట పిల్లల తల మీద ఒట్లు వద్దు. అయ్యప్ప మీద కూడా వద్దు. పాపకు కాస్త జ్వరం వస్తే చాలు, ఇంటిల్లిపాదికీ అదే గుర్తొస్తుంది. ఆ బరువు ఆ పిల్ల మీద ఎందుకు?

క్యాలెండర్ చింపిన సంగతి రాసినప్పుడు మీ చెయ్యి వణికి ఉంటుంది, అక్షరాలు చూస్తే తెలుస్తోంది. మీ కోపం తప్పని నేను అనను. 160 రోజులు మీరూ మోశారు. కానీ ఆ చింపడంలో మీరూ ఆయనా ఒకటే లెక్క వేశారు, అంతా పోయింది, మళ్ళీ సున్నా అని. సున్నా కాదు. ఆ 160 రోజుల్లో లివరు కొంత కోలుకుంది, అప్పు కొంత తీరి ఉంటుంది, పాప నాన్న పక్కన పడుకుని ఉంటుంది. తాగకుండా ఒక పెళ్ళి, ఒక పండగ ఎలా దాటాలో ఆయన నేర్చుకున్నారు. ఆ నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. మత్తు అలవాట్లకు వైద్యం అయ్యాక ఏడాదిలోగా మళ్ళీ మొదలెట్టేవాళ్ళు నూటికి 40 నుంచి 60 మంది దాకా ఉంటారని. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్ళలో మాత్రలు, పథ్యం వదిలేసి మళ్ళీ ముదరబెట్టుకునేవాళ్ళు 50 నుంచి 70 మంది. బీపీ పెరిగిన మామగారిని మనం ‘ఇన్నాళ్ళూ నటించావా’ అని అడగం కదా.

అత్తగారి మాటకు వస్తే, ఆమె కొడుకు తాగుడు పన్నెండేళ్ళది. మీ నోరు అంతకు ముందు ఉందో తర్వాత వచ్చిందో ఆమెకూ తెలుసు. కొడుకును ఏమీ అనలేని తల్లి కోడలిని అంటుంది. దానికి జవాబివ్వడంలో మీ శక్తి ఖర్చు పెట్టకండి. ఒకటి మాత్రం అడగాలి. ఆయన తాగి చెయ్యి చేసుకుంటున్నారా? మీరు రాయలేదు. ఒకవేళ ఉంటే ఈ ఉత్తరంలోని ఓపికలన్నీ పక్కన పెట్టి 181కో 112కో ఫోన్ చేయండి. జబ్బు కాబట్టి కొట్టొచ్చు అని ఏ డాక్టరూ అనడు.

ఏం చేయాలన్నది ఇప్పుడు. తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి, పొద్దున కాఫీ వేళ మాట్లాడండి. ‘ఎందుకు తాగావు’ అని కాదు, ‘ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నావా’ అని అడగండి. సంభాషణ వేరే దారిలో పోతుంది. ఆసుపత్రిలో వణుకు తగ్గాక డాక్టరు యావ తగ్గించే మాత్రలు రాయవచ్చు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని రెండున్నాయి, లివరు, కిడ్నీ పరీక్షలు చూసి ఏది పనికొస్తుందో చెప్తారు. కొన్ని నెలలు వాడాలి. బాగుంది కదా అని నెలకే మానేయడం, అదే మళ్ళీ మొదలుకు మొదటి మెట్టు.

తర్వాత మాల ఇచ్చిన ఏర్పాటులో మాల లేకుండా ఏం నిలబెట్టుకోగలరో చూడండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆయన ఎక్కడుండాలి, ఎవరితో ఉండాలి, ఇదే అసలు లెక్క. భజనకు మాల అక్కర్లేదు, వెళ్ళవచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ మీటింగులు తెలుగులోనూ జరుగుతాయి. 1935లో అమెరికాలో మొదలైన సంస్థ అది. డబ్బు అడగరు, పేరు అడగరు. అక్కడ కూర్చునేవాళ్ళంతా మానినవాళ్ళూ మానుతున్నవాళ్ళే. పాతవాళ్ళలో ఒకరు కొత్తవాడికి చెయ్యందిస్తారు, గురుస్వామి లాగా. అర్ధరాత్రి యావ పుడితే ఫోన్ చేయొచ్చు. ఆ యావ అలలాంటిది, లేచినంత వేగంగా అరగంటలోపు చాలావరకు దిగుతుంది. అరగంట మాట్లాడే మనిషి ఒకరు ఉంటే చాలు. ఇంట్లోవాళ్ళకు అల్-అనాన్ అని వేరే ఉంది. దగ్గర్లో ఉంటే మీరు వెళ్ళండి, ఆయన వచ్చినా రాకపోయినా.

బట్వాడా చేతి డబ్బుగా కాకుండా ఫోన్‌పేలో శుక్రవారమే వేసేస్తే, శనివారం సాయంత్రం పనివాళ్ళ మధ్య నోట్ల కట్టతో నిలబడే పని తప్పుతుంది. కుదరదంటే మీ తమ్ముడో ఆయన తమ్ముడో ఎవరైనా నమ్మకస్తుడు పంచాలి. స్లాబ్ పని ఒప్పుకునేటప్పుడే ఇంటాయనకు ఒక మాట చెప్పించండి, ‘నాకు మాత్రలు నడుస్తున్నాయి, డాక్టరు మందు ముట్టొద్దన్నాడు’ అని. ‘మానేశాను’ అంటే మనవాళ్ళు ఊరుకోరు, ‘ఒక్క పెగ్గుకేం’ అని పరీక్ష పెడతారు. డాక్టరు పేరు చెబితే వదిలేస్తారు. ఆ చెడ్డపేరు నాకు అలవాటే. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి అన్నం క్యారియర్ మీరే పట్టుకెళ్ళండి, ఆయన తినేదాకా అక్కడే ఉండండి. ఆఖరి తట్ట పడగానే, కేసు విప్పకముందే, ఎవరో ఒకరు బండి మీద తీసుకొచ్చేయాలి. బిర్యానీ ఇంటికి తెచ్చుకోవచ్చు.

మళ్ళీ జారితే ఏం చేయాలో కూడా ఇప్పుడే, ఆయన మామూలుగా ఉన్నప్పుడే, ఇద్దరూ మాట్లాడుకోండి. ఆ రాత్రి గొడవ లేదు. మర్నాడు పొద్దున డాక్టరుకు ఫోను. మూడు వారాలు కాకుండా ఒక్క రోజుతో ఆగితే నేను దాన్ని గెలుపుగానే రాసుకుంటాను. ఆ క్యాలెండర్ ముక్కలు ఇంకా పారేయకపోతే అతికించండి. జూన్ పేజీలో మళ్ళీ మొదలయ్యే రోజుకు 1 అని కాకుండా 161 అని రాయండి.

కార్తీకంలో మళ్ళీ మాల వేస్తానంటే అడ్డుచెప్పకండి. అప్పటికి ఒకవేళ తాగుతూ ఉంటే మాత్రం, మాల వేసే ముందే ఆసుపత్రిలో వారం గడపాలి, ఫిట్స్ సంగతి మర్చిపోకూడదు. ఇరుముడి కట్టేలోపు ఇంకో పని చేయండి. మాల తీసిన మర్నాటికి డాక్టరు దగ్గర తేదీ తీసుకోండి. సాయంత్రం అపాయింట్‌మెంటే అడగండి, ఆరింటికి.